ఉమ్మడి అమరికలు



సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు బాట పులికాటు సరస్సును నడుమకు చీల్చుకొని సాగును. ఇరుప్రక్కల ఉప్పునీరు, శీతకాలమున ఆ నీట నిలిచి మేయు రాజహంసలు, ఆవల సముద్రపు గాలికి తలలూచు సరుగుడు తోపులు. ఈ దీవి 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆనాటి నుండి తిరుపతి జిల్లాలోనిది. రాకెట్టు ఎగురు దినమున చుట్టుప్రక్కల గ్రామములవారు మిద్దెలెక్కి తూర్పునకు చూచుచుందురు. మొదట మంట కానవచ్చును, తరువాత చాలసేపటికి ఉరుము వినవచ్చును. మీలో పలువురు చూచియే యుందురు గనుక దానిని వర్ణింప బూనుకొనను. నేను నేడు ముచ్చటింపదలచినది ఆ రాకెట్ల వంశమును గూర్చియు, వంశమును బట్టి కంప్యూటరు ప్రోగ్రాములలో వచ్చు ఒక చిక్కును గూర్చియు.

వంశమని ఊరక అనలేదు. శ్రీహరికోటనుండి 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును మోసికొనిపోయిన ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు చిన్నది: 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు. దాని క్రింది అంచెలో సుమారు 9 టన్నుల ఘన ఇంధనము పట్టెడు మోటారు ఉండెను. తరువాత 1987లో తొలిసారి ఎగిరిన ఎ.ఎస్.ఎల్.వి.కి ప్రక్కలను కట్టిన రెండు మోటార్లు ఆ మోటారు జాతివే. పిమ్మట వచ్చిన పెద్ద రాకెట్టు పి.ఎస్.ఎల్.వి.కి నడుము చుట్టు కట్టిన ఆరు మోటార్లును ఆ కుదురునుండియే వచ్చినవి. 2001 ఏప్రిల్ 18న ఎగిరిన జి.ఎస్.ఎల్.వి. తన క్రింది అంచెను పి.ఎస్.ఎల్.వి. నుండియే తీసికొన్నది; ప్రక్క మోటార్లకు పి.ఎస్.ఎల్.వి. రెండవ అంచెలోని వికాస్ ఇంజనును తీసికొన్నది. తాత ఇంటి దూలము మనుమని ఇంటికి వాసమైనట్లు, ఒక తరము వారి పని తరువాతి తరము వారికి అక్కరకు వచ్చినది. పరీక్షకు నిలిచిన వస్తువును పారవేసి మరల మొదటినుండి చేయువాడు తెలివిగలవాడు కాడు. దీనిలో ఎవరికిని సందేహము లేదు. సందేహమంతయు వస్తువుతోపాటు వచ్చు లెక్కలను గూర్చియే.

మీ మనుమలలోనో మేనల్లుళ్లలోనో ఒకరైనను హైదరాబాదునందో, బెంగుళూరునందో, అమెరికాయందో కంప్యూటరు పనిలో ఉండియేయుందురు. పండుగకు వచ్చినపుడు "నీవు చేయు పని యేమిరా?" అని అడిగినచో "అది చెప్పినా నీకర్థము కాదు తాతా" యని తప్పించుకొందురు. ఇది వారి తప్పేగాని మీ తప్పు కాదు. ఆ పనిలో ఒక భాగమును నేను చెప్పెదను. కంప్యూటరునకు వరుసగా ఆజ్ఞలు వ్రాసియిచ్చుటయే ప్రోగ్రాము వ్రాయుట. ఆ వ్రాతకు కోడు అని పేరు. ఆజ్ఞలు లక్షలకొలదిగా పెరిగినపుడు వానిని కట్టలు కట్టి పెట్టుకొనవలెను. అట్టి కట్టలలో ఒక విధమైన దానిని క్లాసు అందురు. క్లాసు అనగా ఒక జాతి వస్తువునకు అచ్చు. ఇటుకల అచ్చొకటి యున్నచో ఎన్ని ఇటుకలైనను కోయవచ్చును గదా. అచ్చుతో కోసిన ఇటుకవంటి దానిని ఆబ్జెక్టు అందురు.

ఒక అచ్చునుండి మరియొక అచ్చును పుట్టించుటయు కలదు. మొదటి అచ్చులోని గుణములన్నియు రెండవదానికి వచ్చును; దానిపై కొత్త గుణములు చేర్చుకొనవచ్చును, పాతవానిలో కొన్నిటిని మార్చుకొనవచ్చును. మొదటిది మూల క్లాసు, రెండవది ఉత్పన్న క్లాసు. మనము తల్లి క్లాసు, బిడ్డ క్లాసు అని పిలుచుకొందము. ఈ ఉపాయమును నార్వే దేశమునందలి ఓస్లో నగరమున ఓలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అను ఇరువురు సిములా 67 అను భాషలో కనిపెట్టిరి. 1967వ సంవత్సరమునాటి మాట యిది. దానిని చూచి, 1979 మొదలు అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బ్యార్నె స్ట్రౌస్‌ట్రుప్ అను డేన్మార్కు దేశీయుడు సి ప్లస్ ప్లస్ భాషను కట్టెను. జావా, పైథాన్ మొదలగునవి పిదప వచ్చినవి. నేడు మీ పిల్లలు వ్రాయు కోడులో పెద్దపాలు ఈ వంశక్రమము ఎరిగినదే.

ఇక అమరికలు. వారు సెట్టింగులు అందురు. యంత్రము ఒక్కటే యైనను ఊరూరికి మారవలసిన విలువలు కొన్ని యుండును. మన మోటారు పంపు ఎన్ని గంటలకు తిరుగవలెను, ఎన్ని గంటలకు ఆగవలెను, కరెంటు ఎంత తగ్గినచో తనంత తాను నిలిచిపోవలెను అనునవి పంపులోని ఇనుమునకు సంబంధించినవి కావు. అవి అమరికలు. ప్రోగ్రామునకును అంతే. విలువలను ఆజ్ఞల నడుమ కలిపివేయక వేరుగా ఒక పత్రములో వ్రాసియుంచి, ప్రోగ్రాము మొదలగునపుడు చదివించుట మంచి పద్ధతి. మరి తల్లి క్లాసునకు కొన్ని అమరికలును, బిడ్డ క్లాసునకు అవియే గాక మరికొన్నియు ఉన్నపుడు, వానిని చదువు కోడు ఎవరి యింట నుండవలెను? ప్రతి బిడ్డ యింటను ఒక్కొక్క నకలు వ్రాసినచో ఒకచోట దిద్దిన తప్పు తక్కినచోట్ల నిలిచిపోవును. తల్లి యింట ఒక్కటే యుంచినచో అందరికిని చాలును. ఉమ్మడి బావివలె. చూచుటకు ఇంతకన్న సులువైన తీర్పు లేదు. నేనును అట్లే తలచితిని. ఆ తలపు నాకు ఏమి చేసినదో చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట చిత్తూరు వైపు పల్లెలలో పాలు కొను ఒక సంస్థకు నేను ప్రోగ్రాము వ్రాసితిని. దాని పేరు చెప్పను. తప్పు నాది, వారిది కాదు. పాలకేంద్రము ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున క్యాన్లతో, చెంబులతో వచ్చి వరుసగా నిలుతురు. పాలు తూచి, కొంచెము తీసి యంత్రములో పోయుదురు. యంత్రము వెన్న పాలెంతయో, వెన్నగాక తక్కిన ఘనపదార్థమెంతయో చూపును. వానిని బట్టి ధర. రైతు చేతికి ఒక చీటీ వచ్చును. ఆవుపాలలో నూటికి 3 మొదలు 4 వరకు వెన్న యుండుట సామాన్యము. ఎనుము పాలలో 6, 7 వరకు నుండును. కావున ఆవుపాలకు ఇంతకన్న తగ్గరాదను కనిష్ఠము ఒకటి, ఎనుము పాలకు మరియొకటి. కనిష్ఠమునకు తగ్గినచో పాలు తక్కువ రకమని వ్రాసి ధర కోయుదురు.

నేను పాలకేంద్రము అను తల్లి క్లాసును వ్రాసి, దానినుండి ఆవుపాల కేంద్రము, ఎనుముపాల కేంద్రము అను రెండు బిడ్డ క్లాసులను పుట్టించితిని. కేంద్రము పేరు, తలుపు మూయు వేళ, త్రాసు తగిలించిన చోటు, వెన్న కనిష్ఠము, ఇవి యన్నియు అమరికలు. వీనిని ఉంచు పెట్టెయు, చదువు కోడును తల్లి క్లాసులోనే పెట్టితిని. అక్కడ ఒక చిన్న మాట వ్రాసితిని. ఆ మాట స్టాటిక్. దాని యర్థమేమనగా, ఈ పెట్టె ఒక్కొక్క ఆబ్జెక్టునకు ఒక్కొక్కటి కాదు, జాతి కంతటికి ఒక్కటే యని. అప్పటికి ఉన్నవి ఆవుపాల కేంద్రములే. అన్నిటికి కనిష్ఠము ఒక్కటే. అందుచే కొన్ని నెలలు ఏ బాధయు లేక నడిచినది. ఎన్ని నెలలు మంచిగా నడిచినదో అన్ని నెలలు నాకు గర్వము పెరిగినది.

తరువాత ఒక సాయంకాలము మొట్టమొదటి ఎనుముపాల కేంద్రమును తెరచిరి. ఆ క్లాసు తన కనిష్ఠమును 5 అని ఉమ్మడి పెట్టెలో వ్రాసినది. అది చేసిన పని న్యాయమైనదే. తన అమరికను తాను వ్రాసికొన్నది. కాని పెట్టె తనది కాదు. మరునాటి ఉదయమున అన్ని ఊళ్ల ఆవుపాలును 5 అను కొలతతో తూగి, తక్కువ రకమని తేలినవి. చీటీలన్నియు కోతపడి వచ్చినవి. ఏ యంత్రమును ఆగలేదు, ఏ గంటయు మ్రోగలేదు. కేంద్రములో కూర్చుండిన గుమాస్తా కుర్రవాడును కంప్యూటరు చెప్పినదే వేదమనుకొని చీటీలు ఇచ్చుచు పోయెను.

నేను దైవికముగా ఆ ఉదయమున ఒక ఊరి కేంద్రములోనే యుంటిని. ఒక అవ్వ చీటీని రెండుసార్లు చూచుకొని, నా వద్దకు వచ్చి, "ఏం నాయనా, నిన్నటి ఆవే, నిన్నటి గడ్డే. పాలు మాత్రం ఈ పొద్దు నీళ్లయిపోయినాయా?" అని అడిగినది. నేను, "అవ్వా, యంత్రము తప్పు చెప్పదు" అంటిని. ఆ మాట నేడు తలచుకొన్నను నాకు సిగ్గగును. యంత్రము నిజముగా తప్పు చెప్పలేదు. అది చూపిన వెన్న సరియైనదే. తప్పు అంతయు దానిని సరిపోల్చిన అంకెలో నున్నది. ఆ అంకె నేను వ్రాసిన పెట్టెలో నున్నది. అవ్వ పోలేదు. అచ్చటనే నిలుచుండి, నిన్నటి చీటీని, మొన్నటి చీటీని కొంగుముడి విప్పి చూపినది. మూడింటిలోను వెన్న దాదాపు ఒకటే. నాటి చీటీలో మాత్రమే కోత. లెక్కలో నాకన్న ఆమె ముందున్నది. మధ్యాహ్నమునకు కారణము దొరికెను. కోసిన సొమ్మును సంస్థవారు తరువాతి బట్వాడాలో కలిపి యిచ్చిరి.

పైథాన్ భాష వ్రాయువారును ఈ గుంటలో తరచుగా పడుదురు. వారు తల్లి క్లాసులో ఒక పట్టికను ఉంచి, బిడ్డ క్లాసులో దానికి ఒక పద్దు చేర్తురు. తాము బిడ్డ పట్టికకు చేర్చితిమనుకొందురు. నిజమునకు పట్టిక ఒక్కటే. ఆ పద్దు తల్లికిని, తోబుట్టువుల కందరికిని చేరును. ఉమ్మడి కుటుంబములో ఒకడు అప్పు వ్రాసినచో అందరి మీద పడుట మీరు చూచినదే కదా.

ఆ తప్పును దిద్ది, ఒక్కొక్క కేంద్రమునకు ఒక్కొక్క పెట్టె నిచ్చితిని. ఇంతటితో చిక్కు వదలినదనుకొంటిని. వదలలేదు. రెండవ చిక్కు మొదటిదానికన్న సూక్ష్మమైనది. కొంచెము ఓపికతో వినుడు.

ఆబ్జెక్టు పుట్టునపుడు అది ఒక్కసారిగా పుట్టదు. ముందు తల్లి క్లాసుయొక్క భాగము కట్టబడును, పిదప బిడ్డ క్లాసుయొక్క భాగము. ఇంటికి పునాది, తరువాత మేడ అన్నట్లు. ఇట్లు కట్టు కోడును కన్‌స్ట్రక్టరు అందురు. నేను తల్లి కన్‌స్ట్రక్టరులోనే "అమరికలు చదువుము" అను ఆజ్ఞ వ్రాసితిని. ఆ ఆజ్ఞను బిడ్డ క్లాసు తనకు తగినట్లు మార్చుకొనెను. అది జావా భాష. ఆ భాషలో తల్లి పిలిచిన ఆజ్ఞకు బిడ్డయే బదులు పలుకును, తానింకను పూర్తిగా కట్టబడకపోయినను. కాగా జరిగిన దేమనగా, పునాది వేయుచుండగానే మేడమీది వానిని పిలిచి "నీ గదిలో దీపము పెట్టుము" అనినట్లాయెను. బిడ్డ క్లాసు పత్రము చదివి కనిష్ఠము 5 అని తన గదిలో పెట్టినది. ఆ పిమ్మట దాని గది కట్టు వంతు వచ్చెను. కట్టువాడు గదిని శుభ్రముగా ఊడ్చి, మొదట వ్రాసియున్న 0 అను విలువను అక్కడ పెట్టిపోయెను. కనిష్ఠము సున్న. ఇక నీళ్లు పోసినను మంచిపాలే!

సి ప్లస్ ప్లస్ భాషలో ఇదే కోడు వ్రాసినచో మరియొక విధముగా తప్పును. అక్కడ తల్లి కట్టబడుచున్నంతసేపు బిడ్డ లేనట్లే లెక్క. కావున తల్లి యొక్క ఆజ్ఞయే నడచును, బిడ్డ అమరికలు చదువబడనే పోవు. రెండు భాషలలోను ప్రోగ్రాము మాత్రము ఏమియు జరుగనట్లు నడచిపోవుచుండును. పెద్దలు దీనిని గమనింపవలెను: విరిగిపోవు బండి మంచిది, దారి తప్పియు చప్పుడు లేక పోవు బండి చెడ్డది.

ఈసారి పాలకు నీళ్లు కలిపినవారికి లాభము, నిజాయితీ గలవారికి నష్టము. మొదటి తప్పును ఒక అవ్వ ఒక్క పూటలో పట్టుకొన్నది. రెండవదానిని పట్టుకొనుటకు పది దినములు పట్టినది. ఎందుకనగా ఎక్కువ సొమ్ము వచ్చినవాడు చీటీ పట్టుకొని వచ్చి అడుగడు గదా.

పాలతో పోయినది కొన్ని రూపాయలు. ఇంతకన్న పెద్ద చోట వారసత్వపు లెక్క ఏమి చేయగలదో 1996 జూన్ 4న లోకమంతయు చూచినది. దక్షిణ అమెరికా ఖండమున ఫ్రెంచి గయానాలో కూరూ అను ఊరు కలదు. మన శ్రీహరికోటవలె అదియు సముద్రతీరమునందలి రాకెట్ల రేవే. అచ్చటి నుండి ఐరోపా దేశములవారు ఆరియాన్ 5 అను కొత్త రాకెట్టును మొట్టమొదటిసారి ఎగురవేసిరి. ప్రధాన ఇంజను అంటుకొన్న సుమారు 37 సెకండ్లకు అది త్రోవ తప్పి, ముక్కలై, పేలిపోయెను. దానిలో క్లస్టర్ అను నాలుగు శాస్త్రీయ ఉపగ్రహము లుండెను.

విచారణకు జాక్ లూయీ లియోన్స్ అను ఫ్రెంచి గణితవేత్త అధ్యక్షుడుగా ఒక సంఘమును నియమించిరి. వారు కనుగొన్నది యిది. రాకెట్టు ఎటు తిరిగియున్నదో, ఎంత వేగమున పోవుచున్నదో కనిపెట్టి చెప్పు పరికరమును, దానిలోని ప్రోగ్రామును ఆరియాన్ 4 అను పాత రాకెట్టునుండి దాదాపు ఉన్నదున్నట్లు తీసికొనిరి. ఆ పాతది చక్కగా పనిచేసిన రాకెట్టే. ఆ ప్రోగ్రాములో ఒకచోట అడ్డవేగమునకు సంబంధించిన ఒక పెద్ద అంకెను చిన్న పెట్టెలో పెట్టుదురు. ఆ పెట్టెలో 32767 కన్న పెద్ద అంకె పట్టదు. పాత రాకెట్టునకు ఆ అంకె ఎన్నడును అంత పెరుగదని లెక్కకట్టి, అక్కడ కావలి పెట్టకపోయిరి. కొత్త రాకెట్టు బలమైనది, త్రోవ వేరు. దాని అడ్డవేగము ఆ తొలి ఘడియలో పాతదానికన్న సుమారు ఐదు రెట్లు. అంకె పెట్టెలో పట్టలేదు. పరికరము పని మాని కూర్చుండెను. అది చెడినచో ఆదుకొనవలెనని మరియొక పరికరమును ఉంచిరి గాని, దానిలో నున్నదియు ఆ ప్రోగ్రామే గనుక అదియు ఆ కారణముచేతనే అంతకు రెప్పపాటు ముందే ఆగిపోయెను. ఇందు అన్నిటికన్న నొప్పించు సంగతి యేమనగా, ఆ లెక్క చేయుచుండిన భాగము నేల విడిచిన తరువాత కొత్త రాకెట్టునకు అవసరమే లేదు. పాతదానికొరకు ఉంచిన అమరిక, రాకెట్టు లేచిన పిదపను కొన్ని సెకండ్లు పనిచేయుచుండవలెనని. దానిని అట్లే ఉండనిచ్చిరి.

అది క్లాసుల భాషలో వ్రాసిన వంశము కాకపోయినను, చిక్కు అదియే. కోడు తప్పు కాదు. ఆ కోడు ఏ హద్దును నమ్ముకొని వ్రాయబడినదో ఆ హద్దు కోడుతోపాటు కొత్త యింటికి రాలేదు. తల్లికి పుట్టిల్లు తెలిసినట్లు బిడ్డకు తెలియదు. విలువను అడిగి పుచ్చుకొనవలసిన చోట అడుగకయే వచ్చినదానిని ఉంచుకొనిరి. ప్రశ్నను వారసత్వముగా తీసికొనుటకును, జవాబును వారసత్వముగా తీసికొనుటకును ఎంతో భేదము కలదు. నాకు తెలిసినంతలో ఈ విషయములో నేర్వవలసినది ఆ భేదమే.

మన శ్రీహరికోటయు ఇట్టి పాఠమునకు వెలుపల లేదు. 1993 సెప్టెంబరు 20న మొదటి పి.ఎస్.ఎల్.వి. ఉపగ్రహమును కక్ష్యకు చేర్చలేకపోయినది. కారణములలో ఒకటి, రాకెట్టు ముక్కును పైకి క్రిందికి త్రిప్పు నియంత్రణలో ప్రోగ్రాము దోషమని తేలినది. దానిని దిద్దుకొని 1994 అక్టోబరు 15న రెండవసారి ఎగురవేసి విజయమందిరి.

ఆ తరువాత పి.ఎస్.ఎల్.వి.కి బిడ్డలు పుట్టినవి. ప్రక్క మోటార్లు లేక 2007 ఏప్రిల్ 23న ఎగిరిన సి.ఎ. ఒకటి. ఒక్కొక్కటి 12 టన్నుల ఇంధనము పట్టు ఆరు పెద్ద మోటార్లతో 2008 అక్టోబరు 22న చంద్రయానమును మోసిన ఎక్స్.ఎల్. ఒకటి. 2019 జనవరి 24న రెండు మోటార్లతో ఎగిరిన డి.ఎల్., ఆ సంవత్సరమే ఏప్రిల్ 1న నాలుగింటితో ఎగిరిన క్యు.ఎల్. మరి రెండు. ఆ క్యు.ఎల్. ఎగురుటను శ్రీహరికోటలో కొత్తగా కట్టిన మెట్లపై కూర్చుండి ప్రజలు చూచిరి. నడుమ శరీరము అన్నిటికిని ఒక్కటే, నాలుగు అంచెలు. మారునది నడుము చుట్టు మోటార్లే. క్లాసుల సంగతి చెప్పుటకు ఇంతకన్న మంచి దృష్టాంతమును నేను వెదకి తేలేను.

ఇప్పుడొక ఊహ చేయుదము. ఇది నా ఊహయేగాని అచ్చటి ప్రోగ్రాము ఇట్లున్నదని కాదు. ఎక్స్.ఎల్.లో ఆరు మోటార్లలో నాలుగు నేలమీదనే అంటుకొనును. రెండు, రాకెట్టు లేచిన 25 సెకండ్లకు ఆకాశమున అంటుకొనును. ఈ సంగతిని నేను తల్లి క్లాసులో అమరికగా వ్రాసితిననుకొనుడు: "ఆకాశమున అంటింపవలసినవి 2, వేళ 25 సెకండ్లు." డి.ఎల్. క్లాసు వ్రాయువాడు తన మోటార్లు రెండని వ్రాసి, ఆ రెండును నేలమీదనే అంటుకొనునని వ్రాసి, ఆకాశపు సంగతి మరచిపోయెను. మరచిన అమరిక ఖాళీగా ఉండదు. తల్లి విలువ వచ్చి కూర్చుండును. 25వ సెకండున లేని మోటార్లకు నిప్పు పెట్టుమని ఆజ్ఞ వెళ్లును. సి.ఎ.కును అంతే. ఒక విలువ లేకపోవుట కంటికి కనబడును. తప్పు విలువ ఉండుట కనబడదు.

కనుక ఏమి చేయవలెను? కొందరు వంశమునే వదలుకొనుడు అందురు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసైడిస్ అను నలుగురు కలసి ప్రచురించిన గ్రంథమొకటి ఈ వృత్తిలో చాల పేరుగన్నది. వారి మతమును బట్టి, పుట్టుకచేత గుణము తెచ్చుకొనుటకన్న కావలసిన వస్తువును చేత పట్టుకొనుట మేలు. అనగా కేంద్రమునకు అమరికలు రక్తములో రానక్కరలేదు. అమరికల పెట్టె అను వేరొక ఆబ్జెక్టును చేసి కేంద్రము చేతికి ఇచ్చిన చాలును. నేను చాలవరకు వారి పక్షమే. అయినను తల్లి క్లాసునకు బొత్తిగా పని లేదనుట అతి. ఉమ్మడి సంసారము చెడినదని బావిని పూడ్చుకొనము గదా.

పాలకేంద్రపు ప్రోగ్రామును నేను మరల వ్రాసినపుడు, తల్లి క్లాసులో విలువలను ఉంచుట మానితిని. అన్ని కేంద్రములకు నిజముగా ఒక్కటియైనవి మాత్రము నిలిపితిని: కిలోలను లీటర్లకు మార్చు గుణకము, చీటీ వెడల్పు మొదలగునవి. తల్లి క్లాసునకు వేరొక పని అప్పగించితిని. పత్రమును తెరచుట, చదువుట, ప్రతి పేరునకు విలువ కలదా యని చూచుట, ఆ విలువ హద్దులలో నున్నదా యని చూచుట, లేనిచో కేకవేసి ఆగుట. ఈ చదువరి ఒక్కడే. అతనిలో తప్పు దొరికినచో ఒక్కచోట దిద్దిన చాలును. బిడ్డ క్లాసు చెప్పవలసినది తన అమరికల పేర్లు, వాని హద్దులు మాత్రమే. వెన్న కనిష్ఠము ఆవుపాలకు ఇంతనుండి ఇంతలోపల, ఎనుముపాలకు ఇంతనుండి ఇంతలోపల అని ఎవరి హద్దును వారే వ్రాయవలెను. చెప్పనిచో తల్లి జవాబీయదు. ఆమె యొద్ద జవాబు లేదు, ప్రశ్న యున్నది.

వెదకు క్రమమును కూడ మార్చితిని. ఏదేని అమరిక కావలసినపుడు మొదట ఆ కేంద్రపు సొంత పెట్టెలో, అక్కడ లేనిచో ఆ జాతి పెట్టెలో, అక్కడను లేనిచో తల్లి పెట్టెలో చూడవలెను. పై పెట్టెలను చదువవచ్చునేగాని వ్రాయరాదు. బిడ్డ ఎంత వ్రాసికొన్నను తన పెట్టెలోనే పడును. ఇక కట్టు క్రమము సంగతి. కన్‌స్ట్రక్టరులో అమరికలు చదువుటను పూర్తిగా మానివేసితిని. ముందు బయటనే పత్రము చదివి, పరీక్షించి, పెట్టెను సిద్ధము చేసి, పిదప ఆ పెట్టెను చేత బెట్టి ఆబ్జెక్టును పుట్టింతురు. మేడ కట్టకముందు దీపము పెట్టుమని ఎవరిని పిలువనక్కరలేదు.

దీనికి ఖర్చు లేకపోలేదు. మునుపు కొత్త కేంద్రమును తెరచుటకు ఒక్క పేరు వ్రాసిన చాలును. ఇప్పుడు పత్రములో పదునాలుగు పంక్తులు నింపవలెను. గుమాస్తాలు విసుగుకొనిరి. "అన్నిటికీ ఒకటే కదా సార్, మీరే వేసి పెట్టరాదా?" అనిరి. నేను ఒప్పుకొనలేదు. పడమటి ఊళ్లలో త్రాసు వేరు, తూర్పున యంత్రము వేరు, ఒకచోట ఉదయము ఆరింటికే లారీ వచ్చును, మరియొకచోట ఎనిమిదింటికి. అన్నిటికిని ఒకటే యనిపించునవి చాలవరకు ఇంతవరకు ఒకటిగా నున్నవి, అంతియే.

ఆరు నెలల పిమ్మట ఒక తెల్లవారుజామున నాకు ఫోను వచ్చెను. ఆనాడు కొత్తగా తెరచిన మిశ్రమ కేంద్రములో ఆవుపాలును ఎనుముపాలును కలిపి కొనవలెనట, ప్రోగ్రాము తెరచుకొనలేదట. తెరమీద "ఈ కేంద్రమునకు వెన్న కనిష్ఠము వ్రాయబడలేదు" అని తెలుగులో వచ్చి నిలిచిపోయినదట. బయట నలుబదిమంది క్యాన్లతో నిలిచియున్నారు, ఎండ ఎక్కిన పాలు విరుగును, నీ ప్రోగ్రాము తగులబడ అని ఆ గుమాస్తా తిట్టుచుండెను. నేను ఆ తిట్లు సాంతము విని, ఆ ఊరి పాలకు సంఘమువారు ఎంత కనిష్ఠమును నిర్ణయించిరో వారినే అడిగి వ్రాయుమంటిని. అతడు అడిగెను. వారు అక్కడికక్కడే అరుగుమీద కూర్చుండి, రెండు రకములకు రెండు వరుసలు పెట్టవలెనని తీర్మానించి, రెండు అంకెలు చెప్పిరి. ఇరువది నిమిషములకు మొదటి చీటీ వచ్చినది.